మనశ్శాంతికీ టార్గెట్లేనా?

సంపాదకులకు,

శ్రీరామనవమి దగ్గరపడేకొద్దీ ‘40 రోజుల్లో లక్ష నామాలు’, ‘21 రోజుల ధ్యానం’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పందేలు మొదలవుతాయి. రోజూ రాసిన పేజీ ఫొటో తీసి పెట్టాలి. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఆఫీసు టార్గెట్లతో అలిసిపోయి కాస్త నెమ్మది కోసం వచ్చినవాళ్ల మెడకు ఇక్కడ ఇంకో టార్గెట్ తగిలిస్తున్నాం. కడపలో యోగా నేర్పుతున్న మాకు ఇది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తున్నట్టు కనిపిస్తోంది.

రామకోటి సంగతే చూడండి. తప్పు లేకుండా, మనసులో అనుకుంటూ రాస్తే ఒక్కో నామానికి 3 సెకన్లు పడుతుంది. గంటకు 1,200. ఆ లెక్కన కోటికి 8,333 గంటలు, రోజుకు గంట చొప్పున దాదాపు 23 ఏళ్లు. తొందరపడితే తెమిలే పని కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. అదే 40 రోజుల్లో లక్ష అంటే రోజుకు 2,500, అంటే రెండు గంటల పైమాటే. ఉద్యోగం, వంట, పిల్లల చదువులు ఉన్న మనిషికి ఆ రెండు గంటలూ నిద్రలోంచే పోతాయి. వారం తిరక్కుండానే ‘రామ’లో దీర్ఘం ఎగిరిపోతుంది, బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతుంది, కళ్లు మిగిలిన గడులు లెక్కపెడుతుంటాయి.

గడియారం పెట్టుకుని 15 నిమిషాలు రాయండి, చాలు. గట్టిగా నొక్కాల్సిన బాల్ పెన్ను కంటే జెల్ పెన్ను మేలు. మనసులో నామం పూర్తయ్యాకే కలం తర్వాతి గడిలోకి పోవాలి. సమయం కాగానే వరుస మధ్యలో ఉన్నా సరే, పుస్తకం మూసేయండి. ‘ఈ ఒక్క వరుసా పూర్తి చేస్తే పోయె’ అని చెయ్యి లాగుతుంది. లాగనివ్వండి, రాయకండి. పొద్దంతా మనల్ని పరిగెత్తించేది ఆ లాగుడే, అది బయటపడి కనిపించేది ఇలా ఆపినప్పుడే. తప్పిన రోజుకు బాకీ తీర్చక్కర్లేదు. ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాల వేళ పుస్తకాలు పంచే దాతలు ఈ రెండు ముక్కలూ అట్ట లోపల అచ్చు వేయిస్తే బాగుంటుంది.

ధ్యానానికి కూర్చునేవాళ్లదీ ఇదే తంటా. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలనీ, ప్రయత్నాన్ని సడలిస్తేనే అది కుదురుతుందనీ పతంజలి వరుసగా రెండు సూత్రాల్లో చెప్పాడు. మనమేమో పళ్లు బిగించి కూర్చుంటాం. పిరుదుల కింద దుప్పటి మడిచి మూడు నాలుగు అంగుళాల ఎత్తు పెట్టుకుంటే మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగి నడుము దానంతటదే నిలుస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ వేసుకోండి, పాదాలు మాత్రం నేలకు పూర్తిగా ఆనాలి. మొదటి ఐదు నిమిషాలు నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు అంకెల సేపు వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం కొంచెం తగ్గుతుంది, అందుకే వదలడానికి రెండు అంకెలు ఎక్కువ. ఆ తర్వాత లెక్క పూర్తిగా మానేయండి. మిగిలిన పది నిమిషాలూ శ్వాస ఎలా పోతే అలా పోనివ్వండి. ఆలోచనలు వస్తాయి, వచ్చినట్టు తెలిశాక మళ్లీ శ్వాస దగ్గరికి రావడమే పని. ఎన్నిసార్లు వచ్చారో లెక్క వద్దు.

కనుబొమల మధ్య దృష్టి నిలపాలని నుదురు ముడిచేవాళ్లకు తలనొప్పి వస్తుంది. ప్రాణాయామం పేరుతో గబగబా గట్టిగా పీల్చి వదిలితే వేళ్లు తిమ్మిరెక్కి కళ్లు తిరుగుతాయి. అదేదో శక్తి మేల్కోవడం అనుకుంటారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవడం వల్ల వచ్చేది అది, ఆపి మామూలుగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టకూడదు. రాత్రి సంగటి కడుపునిండా తిని కూర్చుంటే వచ్చేది నిద్రే. భోజనానికీ దీనికీ మధ్య మూడు గంటలన్నా ఉండాలి.

ఇక ధ్యానానికి మంచి వేళని చెప్పే బ్రాహ్మీ ముహూర్తం. అది సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. మన ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగు దాటాక అన్నమాట. మిద్దె వేడి దిగక రాత్రి పదకొండుకు కన్నంటినవాళ్లు ఆ వేళకు లేస్తే దక్కేది ఐదు గంటల నిద్ర. అలాంటివాళ్లు ఆరున్నరకు కూర్చున్నా తప్పేమీ లేదు. కూర్చున్న ప్రతిసారీ కునుకు వస్తుంటే ఒళ్లు అడుగుతున్నది నిద్రే, వారం రోజులు ధ్యానం మాని ఆ సమయం కూడా పడుకోండి. ఈ సలహాకు మా తోటి గురువులు కొందరు కోప్పడతారని తెలుసు.

ఒక హెచ్చరిక మాత్రం పెద్దక్షరాలతో వేయమని కోరుతున్నాం. కళ్లు మూసుకోగానే పాత దుఃఖం పొంగి ఏడుపు రావడం కొందరికి జరుగుతుంది. కళ్లు తెరిచి, లేచి నాలుగడుగులు నడిస్తే చాలావరకు తగ్గుతుంది. కానీ రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, నిద్ర, ఆకలి పోయినా, ఎవరికీ వినపడని మాటలు వినిపిస్తున్నా ధ్యానం ఇంకా పెంచమని ఏ గురువూ చెప్పకూడదు. మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆత్మహత్య ఆలోచన బయటపెట్టిన మనిషిని మాత్రం ఆ ఫోన్ కలిసేదాకా కూడా ఒంటరిగా వదలకూడదు.

– కొందరు యోగా శిక్షకులు, కడప