విడిపించిన మర్నాటి సంగతేమిటి?

సంపాదకులకు,

పిల్లల అక్రమ రవాణాపై వార్తలన్నీ వాళ్లను విడిపించిన రోజు దగ్గరే ఆగిపోతున్నాయి. ఫొటో వస్తుంది, విరాళాలొస్తాయి. తర్వాత ఆ పిల్ల ఏమైందో ఎవరికీ పట్టదు.

అసలు ఖర్చు మొదలయ్యేది అక్కడే. జరిగిందంతా పోలీసులకోసారి, డాక్టరుకోసారి, లాయరుకోసారి చెప్పాలి. కోర్టులో మళ్లీ మొదటి నుంచి. ప్రతిసారీ ఎదుట కొత్త ముఖం. ఆ టెన్షన్‌లో పక్కన కూర్చునే మనిషైనా మారకుండా ఉండాలి, కేసు తేలేదాకా. అలాంటి మనిషి జీతానికి మాత్రం దాతలు దొరకరు. భవనం కట్టిస్తే పేరైనా చెక్కించుకోవచ్చు మరి!

ఇంటికి చేర్చేస్తే పనైపోయిందనుకోవడమూ తప్పే. ఆశపెట్టి తీసుకెళ్లేది చాలాసార్లు తెలిసినవాళ్లే, ఒక్కోసారి సొంత బంధువులే. ఇంట్లో అప్పు అలాగే ఉండి, బడిలో మళ్లీ చేర్చుకోకపోతే అదే మనిషి మళ్లీ గడప తొక్కుతాడు.

"ఇష్టపడే వెళ్లిందిగా" అనేవాళ్లకు ఒక మాట. మనుషుల అక్రమ రవాణాను అరికట్టడానికి 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం పలెర్మో ప్రోటోకాల్ ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల సమ్మతి చెల్లదు. దోపిడీ కోసం తీసుకెళ్తే చాలు, బలవంతం చేశారని, మోసగించారని నిరూపించక్కర్లేదు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ముఖం మసక చేసినా యూనిఫాం, ఇంటి గోడ చూసి ఊరంతా గుర్తుపడుతుంది. ఆ ఫొటోలు వేయకండి. దాతలు కూడా ఎందరిని విడిపించారని కాక, రెండేళ్ల కిందట విడిపించిన పిల్లల్లో ఇప్పుడు ఎందరు బడికి వెళ్తున్నారో సంస్థల్ని అడగాలి.

- ఒక పాఠకురాలు