ట్రెయిలర్ కొనే ముందు ఇది చదువు

రావులపాలెం
నవంబరు, 2025

ఒరేయ్ సత్తిబాబూ,

నీ వాయిస్ మెసేజీలన్నీ విన్నాన్రా. ఫోన్లో చెబితే సగంలోనే నీ గోల ఎత్తుకుంటావని కాగితం మీద పెడుతున్నా. మస్కట్లో ఇన్నేళ్ళూ ట్రెయిలర్ తోలావు, వచ్చే ఏడు వచ్చేసి ఇక్కడా నలభై అడుగుల ట్రెయిలరే కొంటానంటున్నావు. మీ అమ్మగారు సంబరపడి వీధంతా చెప్పేశారు కూడా. నేను మాత్రం వద్దనే అంటా. మన డెల్టా సరుకు మోయాలంటే పన్నెండు టైర్ల ఓపెన్ బాడీ, అదే పైకప్పు లేని లారీ, చూసుకో.

నీ లెక్క నాకు తెలుసులే. 2018లో పెద్ద ట్రెయిలర్లకి బండీ సరుకూ కలిపి 49 టన్నులున్న పరిమితిని 55 చేశారు. కాగితం మీద ట్రెయిలరే లాభం. కానీ దాన్ని నింపే సరుకేది? విశాఖ నుంచి ఇనప ఊచలున్నాయి, నిజమే. పన్నెండు మీటర్ల ఊచ నీ ట్రెయిలర్ మీద సరిగ్గా పడుతుంది. లారీలో అయితే వెనక బయటికి వేలాడుతుంది, అలా వేలాడేసుకుని తిరగడం 2014లోనే కుదరదన్నారు. అది హైవే బేరం. ఇంట్లో పడుకునే రాత్రులు వద్దనుకుంటే చేసుకో. మన చుట్టుపక్కల ఉన్నది ధాన్యం, బియ్యం, కొబ్బరి, అరటి. అవి కాలవగట్ల మీంచి, లాకుల వంతెనల మీంచి రావాలి. అంబాజీపేట లోపలి రోడ్లలో ఎదురుగా ఆటో వస్తేనే మేం ఆగి దారిస్తాం. నీ ట్రెయిలర్ అక్కడ ఒక మలుపు తిరిగేసరికి తెల్లారిపోద్ది.

ఇక బరకం, అదే లోడు మీద కప్పే టార్పాలిన్, దాని సంగతి. "కప్పి కట్టేయడమేగా, అదో పనా" అని నవ్వావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఒమన్ ఎండలో ఇనుము మోసినోడివి, నీకు తెలియదు. బియ్యం బస్తాలు నిండుగా వేసుకుని కాకినాడ పోర్టుకి బయల్దేరామనుకో. వెనక వైపు బరకం మొదట పరవాలి. ముందు వైపు బరకం అంచు దాని మీదకి రావాలి, పెంకుటింటి కప్పు నేసినట్టు. తిరగేసి వేశావంటే బండి జోరందుకోగానే గాలి ఆ సందులో దూరి బరకాన్ని ఉబ్బించేస్తుంది, వాన పడితే నీళ్ళు నేరుగా బస్తాల్లోకే. మూలల దగ్గర గోనె సంచులు మడిచి పెట్టకపోతే మోకు రాపిడికి చిరుగుతుంది. ప్లాస్టిక్‌ది తేలిక, కానీ తొందరగా చీలికలవుద్ది. గుడ్డ బరకం మన్నుతుంది గానీ తడిసిందంటే ఇద్దరు మనుషులు ఎత్తలేరు. ఇద్దరెక్కడున్నార్లే! క్లీనర్ పనికి కుర్రాళ్ళు రావట్లేదు. లోడెక్కేదీ నేనే, కింద మోకు లాగేదీ నేనే.

ఎంత బిగించినా మొదటి పది కిలోమీటర్లలో బస్తాలు కుదురుకుని మోకు వదులైపోతుంది. అందుకే గౌతమి వంతెన ఎక్కే ముందే బండి పక్కకి తీసి మళ్ళీ లాగి కడతా. వంతెన మీద పక్కగాలి ఎలా కొడుతుందో నీకు గుర్తుండే ఉంటుంది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీదా అంతే. అక్కడ బరకం లేచిందంటే వెనక బైకు మీద వచ్చేవాడి మొహాన పడుద్ది, అదీ నా భయం.

అన్నిటికీ బిగించి కప్పకూడదు మళ్ళీ. మన మార్కెట్లో అరటి గెలలకి గాలి ఆడాలి. ఎండాకాలం బరకం బిగించావంటే ఆ ఉక్కకి దారిలోనే మగ్గిపోతాయి. ధాన్యం అయితే మరీ. తేమ 17 శాతం దాటకూడదని ప్రభుత్వ కొనుగోలు లెక్క కదా, కోతల్లో వాన పడితే పచ్చి ధాన్యమే వస్తుంది. దాన్ని కప్పి రెండ్రోజులు మిల్లు గేటు దగ్గర నిలబెడితే లోపల వేడెక్కి రంగు మారుద్ది, మొలకలు కూడా వస్తాయి. అప్పుడు రైతు మనవైపు చూస్తాడు, మిల్లువాడూ మనవైపే చూస్తాడు. ఆమధ్య ఒక మిల్లులో అలాగే లైన్లో నిలబెట్టి, పైవరస బస్తాలు తడిశాయని కిరాయిలో కోత పెట్టారు. బండి ఆపేసినందుకు ఇవ్వాల్సిన హాల్టింగ్ డబ్బులు అడిగితే నవ్వారు. బరకం కప్పినందుకు ఇంత అని ఎవడూ ఇవ్వడు, కప్పనందుకు మాత్రం అందరూ పట్టుకుంటారు.

మొన్న అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, బళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆపేశారు. నేను ఒక పెట్రోలు బంకు వెనక గోడ చాటున పెట్టి, బరకం మీద అడ్డంగా మరో వరస మోకులు వేసి కూర్చున్నా. పక్క లారీవాడి బరకం తెల్లారేసరికి సగమే మిగిలింది పాపం. నా బస్తాలు పొడిగా ఉన్నాయి. చెప్పుకోడానికి నీ ముందు తప్ప ఎవరున్నార్రా నాకు!

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కరెంటు తీగల కింద లోడెక్కి కప్పొద్దు. కొబ్బరి మట్టల మధ్య తీగ కనపడదు. అవసరమైతే బండి ముందుకు తీసి రోడ్డు మీదే కట్టుకో, తిట్టేవాళ్ళు తిట్టనీ.

ఏసీ క్యాబిన్ అని అడిగావు. ఈ అక్టోబరు నుంచి తయారయ్యే కొత్త లారీలన్నిటికీ అది తప్పనిసరి. ఆ సుఖం నీకు ఎలాగూ ఉంటుంది, దానికోసం ట్రెయిలర్ అక్కర్లేదు.

డబ్బులు మొత్తం బండి మీద పెట్టేయకు. కొంత బరకాలకి, మోకులకి ఉంచు, మంచివి చవగ్గా రావు. వచ్చేటప్పుడు అక్కడ మీరు లోడు బిగించడానికి వాడే రాట్చెట్ బెల్టులు పాతవైనా సరే ఓ జత నాకు పట్టుకురా. మోకైతే బస్తాని కోసేస్తుంది, అది కొయ్యదటగా. సెంటూ సబ్బులూ మాత్రం వద్దురా బాబూ, ఇంట్లో పోయినసారివే ఉన్నాయి.

ఇట్లు,
నీ
బుల్లియ్య