కార్యదర్శి వార్షిక నివేదిక – 2025

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది నివేదిక చదవాలి. కిందటేడు నోటితో చెప్పి సరిపెట్టానని కొందరు అలిగారు కాబట్టి ఈసారి రాసే ఇస్తున్నాను. మన సంఘం ఎందుకు పుట్టిందో మళ్లీ చెప్పే పని లేదు. పేపర్లో వచ్చింది నమ్మే ముందు, తిట్టే ముందు కూడా, దాని వెనకున్న కాగితం చూడాలన్నదే మన పట్టుదల. ఈ ఏడాది దాన్ని నిలబెట్టుకోవడం తేలిక కాలేదు.

ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలి, మరిస్తే మాట వస్తుంది. నెలనెలా హాలు ఇచ్చి, మన గొడవలు విని కూడా తలుపులు మూయని గ్రంథాలయ సిబ్బందికి, దరఖాస్తులన్నీ డబ్బు తీసుకోకుండా డీటీపీ చేసిపెట్టిన అమ్మాయికి, కరపత్రాలు కాగితం ఖర్చుకే అచ్చువేసిన ప్రెస్సు మిత్రుడికి, అక్టోబరు సభకు తాళ్లు, క్లిప్పులు ఇచ్చిన లాండ్రీ మిత్రుడికి ధన్యవాదాలు. ఆ క్లిప్పుల్లో పదకొండు తిరిగి రాలేదట. ఎవరి దగ్గరున్నా దయచేసి ఇచ్చేయండి. తపాలా శాఖలో పని చేసి రిటైరైన మన పెద్దాయన సంగతి విడిగా చెబుతాను.

ఇక సంవత్సరం సంగతి. జనవరి 26తో మన మున్సిపల్ పాలకవర్గం గడువు ముగిసింది. తెలంగాణలో చాలా పట్టణాలది ఇదే కథ. అప్పటి నుంచి ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిలర్లు ఉండగా పనులు పరుగెత్తాయని కాదు గానీ, పొద్దున్నే వెళ్లి నిలదీయడానికి ఒక గడప అంటూ ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లోనే తీరిపోయింది. మొన్న డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల ఎన్నికలు జరిగి కొత్తవాళ్లు వచ్చేసరికి దాదాపు రెండేళ్లు పట్టింది. పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం నిధులు ఆగాయి, నిధులు లేవని పనులు ఆగాయి. ఎన్నికలు ఎందుకాగాయంటే ఒకరు రిజర్వేషన్లన్నారు, ఒకరు కోర్టన్నారు, ఇంకొకరు ఢిల్లీ అన్నారు. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగే వీలు మన సంఘానికి లేదు.

మనకున్న వీలల్లా శంకుస్థాపనల పుస్తకం. కొత్త సభ్యుల కోసం చెబుతున్నాను. అది మామూలు లెడ్జరు. ఎడమ పేజీలో వార్త కత్తిరించి అతికిస్తాం, తేదీ వేస్తాం. కుడి పేజీ ఏడాది పాటు ఖాళీగా ఉంటుంది. ఏడాది తిరిగాక ఎవరో ఒకరు ఆ చోటుకు వెళ్లి, చూసింది చూసినట్టు అందులో రాయాలి. 2024లో అతికించిన వాటికి ఈ ఏడాది కుడి పేజీలు నింపాం. ఎక్కువసార్లు కనబడేది "టెండరు దశలో ఉంది" అన్న మాటే. ఒక కల్వర్టు దగ్గర రెండు శిలాఫలకాలు దొరికాయి, ఒక్కో ప్రభుత్వం వేసింది ఒక్కోటి. పాతదాన్ని కొత్తదానికి ఆనించి నిలబెట్టారు, పాతదాని మీది పేర్లకు సున్నం కొట్టారు. కల్వర్టు మాత్రం లేదు.

మనం తప్పిన చోటు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. పార్కులో బోరు వేయకుండానే బిల్లు ఎత్తారని ఒక పత్రిక రాసింది. ఏ పత్రిక ఏ పార్టీ వాకిట్లో పెరిగిందో తెలిసి కూడా మనవాళ్లు దాన్ని గ్రూపులో తిప్పారు, ఒకరు ఇంజనీరు ఫొటో కూడా పెట్టారు. తర్వాత ఫైలు చూశాం, వెళ్లి బోరూ చూశాం. గోడ వెనక మోటారుతో సహా శుభ్రంగా ఉంది. ఆ కుడి పేజీలో మన క్షమాపణే ఉంది, కింద సంతకం నాది. ఫొటో పెట్టిన సభ్యుడు ఇంకా సంతకం చేయలేదు.

సమాచార హక్కు దరఖాస్తుల విషయానికొస్తే, ఈ ఏడాది 37 వేశాం. ఊరి స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదని చట్టంలోని 6(2) సెక్షన్ స్పష్టంగా చెబుతున్నా, కిటికీ దగ్గర మొదటి ప్రశ్న ఇప్పటికీ "మీకెందుకు సార్ ఇదంతా?" అనే. తమ పరిధి కాదంటూ దరఖాస్తు తిప్పి పంపినవాళ్లు ముగ్గురు. అలా తిప్పి పంపకూడదు, సంబంధిత కార్యాలయానికి ఐదు రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి. నాలుగో సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకుండానే తమంత తాముగా బయటపెట్టాల్సిన అంశాలు 17 ఉన్నాయి. ఒక కార్యాలయంలో ఆ పట్టిక గోడ మీదే ఉంది, కాకపోతే అందులోని సమాచార అధికారి పదవీ విరమణ చేసి చాలాకాలమైందట.

ఇప్పుడు మన పండగ సంగతి. సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది 2005 అక్టోబరు 12న. మొన్నటి అక్టోబరు 12కి 20 ఏళ్లు నిండాయి, కలిసొచ్చి ఆదివారమైంది. గ్రంథాలయ హాల్లో నాలుగు తాళ్లు కట్టి, ఇన్నేళ్లలో మనకు వచ్చిన జవాబులన్నీ బట్టలు ఆరేసినట్టు తేదీల వరుసలో వేలాడదీశాం. ఉపన్యాసాలు వద్దని ముందే అనుకున్నాం. అయినా అధ్యక్షులు పది నిమిషాలు మాట్లాడారు. రాజస్థాన్‌లో కూలీలు మస్టర్ రోళ్లు (హాజరు పట్టీలు) చూపించమని అడగడం, 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా కూర్చోవడం, చివరికి అది చట్టం దాకా రావడం. కూలి లెక్క దగ్గర మొదలైన చట్టమని విన్నాక హాల్లో కొంచెంసేపు గుసగుసలు ఆగాయి.

అందరూ ఆగి చూసింది మాత్రం ఒక్క కవరు దగ్గర. లోపలి లేఖ మీద ఉన్న తేదీ లెక్కిస్తే మన దరఖాస్తు అందిన 29వ రోజు. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, కాబట్టి అధికారి సకాలంలో జవాబిచ్చినట్టే. మన తపాలా పెద్దాయన భూతద్దం పెట్టి కవరు మీది ముద్ర చదివారు. అది 43వ రోజు! అంటే లేఖ రాసి సొరుగులో పెట్టుకున్నారో, జవాబు తర్వాత రాసి తేదీ మాత్రం వెనక్కి వేశారో వాళ్లకే తెలియాలి. పై అధికారికి పెట్టుకున్న మొదటి అప్పీలులో లేఖతో పాటు ఆ కవరూ పెట్టాం. గడువు దాటితే ప్రతులు ఉచితంగా ఇవ్వాలని 7(6) చెబుతుంది కదా, పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమన్న 64 పేజీలూ నోరు మెదపకుండా ఇచ్చారు. ఆ రోజు నుంచి పెద్దాయన ఎవరు కనబడినా ఒకటే మాట: "కవరు పారేయొద్దు." ఆయనకు సంఘం తరఫున శాలువా కప్పాలని తీర్మానం పెడుతున్నాను.

ఆ మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. ఎవరూ పిలవకుండానే ఒకాయన వచ్చి, రెండో తాడు మీది ఒక లేఖ ముందు చాలాసేపు నిలబడ్డారు. "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాదు" అని చేత్తో రాసిన లేఖ. పోతూ పోతూ నా దగ్గరికొచ్చి, ఆ రాత తనదేనని, ఆఫీసు సెక్షన్లో ఆరుగురి పని తానొక్కడే చేస్తున్నానని చెప్పారు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. టీ ఇచ్చాం, తాగి వెళ్లారు.

సెప్టెంబరు సమావేశం గురించి నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి నా వంతు రాస్తున్నాను. 2023 అక్టోబరు 21న కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగాయి. 2024 మార్చిలో విచారణకు జస్టిస్ ఘోష్ కమిషన్‌ను వేస్తూ మొదట ఇచ్చిన గడువు వంద రోజులు. నివేదిక చేరింది 2025 జులై 31న. ఆగస్టు 31న శాసనసభలో పెట్టి, సీబీఐకి అప్పగిస్తామన్నారు. మన సమావేశంలో ఒకవైపు వాళ్లు ఇది కక్ష అన్నారు, ఇంకోవైపు వాళ్లు దోపిడీ అన్నారు, కుర్చీ ఒకటి విరిగింది. ఆ గోలలో నేను 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే ఆడిట్ సంస్థ) నివేదిక జిరాక్సు పంచాను. 81,911 కోట్లతో మొదలైన అంచనా 1,47,427 కోట్లు దాటవచ్చని, పెట్టిన రూపాయికి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని కాగ్ లెక్క కట్టింది. అది చదివాక అరుపులు తగ్గలేదు గానీ ప్రశ్నలు మారాయి. కట్టినవాళ్లను అడగాల్సింది ఒకటి, ఇన్నాళ్లూ విచారణ పేరు చెప్పి కాలం గడిపినవాళ్లను అడగాల్సింది ఇంకొకటి. రెండూ అడిగే ఓపిక మాత్రం ఆ రోజు ఐదారుగురికే ఉంది. కుర్చీ బాగుచేయించిన ఖర్చు నేను పెట్టుకున్నాను, లెక్కల్లో వెతకొద్దు.

పార్టీ ఏదైనా కాగితం దాచడంలో పోటీ పడతారనడానికి పక్క రాష్ట్రం జీవోలు చాలు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆపేశారు, ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. మన దగ్గరా గొప్పగా ఏం లేదు. సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి ఒక్క కమిషనరూ లేరు, నియామకాలు జరిగింది 2025 మేలో. ఖాళీ రాకముందే భర్తీ పని మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఈ ఖాళీ కాలాన్ని రెండు ప్రభుత్వాలూ పంచుకున్నాయి గనుక, రెండు పార్టీల సభ్యులూ సమానంగా మౌనం పాటించవచ్చు. రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది. ఆ కుర్చీలే ఖాళీ అయినప్పుడు కిందివాడు ఎవరికి భయపడతాడు?

నవంబరులో ఇంకో దెబ్బ తగిలింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది, ఆ మార్పు నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని, లేదా ఒకరి గోప్యతలోకి అకారణంగా చొరబడే వ్యక్తిగత సమాచారాన్నే నిరాకరించే వీలుండేది. శాసనసభకు ఇవ్వక తప్పనిది పౌరుడికీ ఇవ్వాలన్న మాట కూడా అందులో ఉండేది. ఇప్పుడు ఆ మాటా పోయింది, మినహాయింపులూ పోయాయి. వ్యక్తిగతమైతే చాలు, కాదనొచ్చు. డిసెంబరులో ఒక డ్రైనేజీ పని కాంట్రాక్టరు ఎవరని అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని జవాబొచ్చింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా మిగిలే ఉంది, ఇక మీదట ప్రతి దరఖాస్తులో దాన్ని ప్రస్తావించాలని డీటీపీ అమ్మాయికి చెప్పాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంచారు, చూసుకోగలరు. పోస్టల్ ఆర్డర్లు, జిరాక్సులు, తపాలా, టీలు, అంతే. ఈ ఏడాది రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశాక కవరు ఖర్చు పెరిగింది. చందాలు సగం మందివి రావాలి. ఆడిట్ ఇంకా పూర్తికాలేదు, ఆడిటరు గారు ఊళ్లో లేరు. ఊరందరి లెక్కలూ అడిగే సంఘం తన లెక్కలు ఆలస్యం చేయడం బాగోలేదని నాకూ తెలుసు, లేచి చెప్పనక్కర్లేదు.

చెప్పక తప్పనిది ఒకటుంది. కిందటి సమావేశంలో వార్డుకు ఇద్దరు చొప్పున పేర్లిచ్చారు, చప్పట్లు కొట్టుకున్నాం. ఏప్రిల్‌లో ఒక కాలువ పని కొలతలు రాసే ఎం-బుక్కు తనిఖీ చేసి, అందులో 140 మీటర్లని ఉంటే కొలిచి చూద్దామని గ్రూపులో పెట్టాను. బొటనవేలు చూపించినవాళ్లు 58 మంది. ఎండలో టేపు పట్టుకోవడానికి వచ్చింది ముగ్గురు, అందులో ఒకరు మా బావమరిది, ఆయన సభ్యుడే కాదు. కొలత 118 మీటర్లొచ్చింది. ఫిర్యాదు సోమవారం ప్రజావాణిలో ఇచ్చాం, రశీదు ఉంది, జవాబు లేదు. మళ్లీ సోమవారాలు వెళ్లాలంటే ఎవరికీ తీరిక లేదు. అధికారులు రారని రాసే ముందు మనమెంతమందిమి వెళ్లామో కూడా రాయాలి కదా, రాశాను.

చివరగా, 2023 ఆగస్టులో సమాచార కమిషన్‌లో వేసిన రెండో అప్పీలుకు విచారణ నోటీసు వచ్చింది. జనవరి 20, మంగళవారం, హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ దగ్గరి సమాచార హక్కు భవన్. అప్పుడు అడిగింది ఒక కాలువ డిజైను, ఈలోగా ఆ కాలువ మీద రోడ్డు కూడా వేసేశారు. అయినా వెళ్దాం. పాత కవర్లన్నీ పెద్దాయన సంచిలో ఉన్నాయి, ఆయన్ను ఒంటరిగా పంపలేం. నాతో పాటు ఇంకొకరు కావాలి. ఉదయం ఐదున్నర బస్సు, చార్జీలు ఎవరివి వాళ్లవే. పేరు ఇప్పుడే, ఈ హాల్లోనే ఇవ్వండి, గ్రూపులో వద్దు.

ఇట్లు,
కార్యదర్శి
4 జనవరి 2026