మా తమ్ముడి వైపు నిలబడ్డవాళ్లకి

తమ్ముడిని అడిగే ఇది రాస్తున్నాను. "నా పేరు పెట్టకు, మిగతాది నీ ఇష్టం అక్కా" అన్నాడు.

రెండేళ్ల కింద సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చినవాడు అమ్మ వండింది ముట్టలేదు. బత్తాయిలు, ఉడకబెట్టిన గుడ్లు, అంతే. అదీ తొక్క, పెంకు తన చేత్తో తీసుకుంటేనే. మా నల్గొండ వైపు బత్తాయిలకు కరువు లేదు కాబట్టి మేమూ పట్టించుకోలేదు. పది రోజులయ్యాక కారణం చెప్పాడు: తొక్క ఉన్నదాంట్లో ఎవరూ విషం కలపలేరట. ఫోన్ కెమెరా మీద బ్యాండేజీ అంటించుకున్నాడు. రాత్రిళ్లు గోడవైపు తిరిగి ఎవరికో జవాబు చెప్పేవాడు.

మొదటి దండం వాడి హాస్టల్ రూమ్మేట్‌కి. తమ్ముడు అర్ధరాత్రి లేచి అరుస్తుంటే వీడియో తీసి గ్రూపులో పెట్టలేదు ఆ పిల్లవాడు. నా నంబరు వెతికి ఫోన్ చేశాడు. "నాలుగు రోజులుగా నిద్రపోవట్లేదక్కా" అన్నాడు. పరీక్షల టెన్షన్ అయ్యుంటుందిలే అని నేనే తేల్చేశాను.

తర్వాతి ఏడు నెలల గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. గాలి సోకిందంటే తాయెత్తు కట్టించాం, మేకను కోశాం. ఒకచోట కాలికి గొలుసు వేసి నలభై రోజులు వదిలి వెళ్లమన్నారు. అమ్మ ససేమిరా అంది. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో ఇలా గొలుసులతో కట్టేసినవాళ్లు మంటల్లోంచి తప్పించుకోలేక 28 మంది చనిపోయారని నాకు చాలా తర్వాత తెలిసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వేయడాన్ని నిషేధించింది. అమ్మకు అదేమీ తెలియదు. కొడుకు కాలు చూసింది, వద్దంది.

అమ్మ బీపీ మాత్రలు ఇవ్వడానికి వచ్చిన ఆశ అక్క, తమ్ముడు గుడ్డు పెంకు తీసే తీరు కాసేపు చూసింది. "ఇది గాలి కాదు వదినా, జబ్బు. మందులున్నాయి" అంది. నా ఫోన్లోనే 14416 నొక్కించింది. టెలి మానస్ అంట, మానసిక ఇబ్బందులకు సాయం చేసే ఫోన్ లైన్, ప్రభుత్వానిదే. అవతలి గొంతు తెలుగులో నింపాదిగా అడిగింది: నిద్ర ఎలా ఉంది, తింటున్నాడా, చచ్చిపోతానని ఏమైనా అంటున్నాడా, గంజాయి అలవాటుందా అని. పిచ్చి అన్న మాట ఆమె నోట రాలేదు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లాం. చిన్నప్పుడు కొట్లాడుకుంటే "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అని తిట్టుకున్నవాళ్లమే మేమిద్దరం. ఊరివాళ్లు చూస్తారని నాయన మొహం కనపడకుండా టవల్ చుట్టుకుని గేటు బయటే ఆగిపోయాడు. తమ్ముడు చేరనని మొండికేశాడు. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా చూశాక, వాడి తరఫున నేను సంతకం పెడితే చేర్చుకున్నారు.

సైకోసిస్ అంటే ఏమిటో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం పని గాడి తప్పితే ఫ్యాన్ చప్పుడూ, పక్కింటి నవ్వూ అన్నీ మన గురించే అనిపిస్తాయట. తనకు జబ్బుందని తెలియకపోవడం కూడా చాలామందిలో ఆ జబ్బులో భాగమేనట. "ఆ గొంతులు వాడికి నిజంగానే వినిపిస్తున్నాయి. లేవని వాదించకండి, ఉన్నాయని ఒప్పుకోకండి. నాకు వినపడట్లేదు కానీ నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది అనండి, చాలు" అన్నారు. ఏడు నెలలు మేం చేసింది వాదనే.

ఇక ఆ వార్డు సిస్టర్. మొదటి రోజు తమ్ముడు కంచం తోసేస్తే ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి రెండు గుడ్లు తెచ్చి, పెంకు తీయకుండానే వాడి ముందు పెట్టి వెళ్లిపోయింది. ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టాక మూడో వారంలో "గొంతులు పోలేదక్కా, పక్క గదిలోకి వెళ్లాయి" అన్నాడు. చేతులు వణికి టీ ఒలికేది, ఒళ్లు బిగుసుకునేది. చెబితే డోసు తగ్గించి ఇంకో మాత్ర ఇచ్చారు. బరువు మాత్రం పెరిగాడు, దాంతో ఇంకా కుస్తీ పడుతున్నాడు. నాలుగు నెలలకు బాగైపోయాడని మందులు మేమే ఆపేశాం. నెల తిరక్కుండా కెమెరా మీద బ్యాండేజీ మళ్లీ వచ్చింది. తల దించుకుని వెళ్తే డాక్టరమ్మ తిట్టలేదు. "చాలామంది చేసే పనే. తగ్గాక కూడా ఏడాది, రెండేళ్లు వాడాలి, ఆపాలంటే నాతో చెప్పి మెల్లగా ఆపాలి" అని మళ్లీ మొదటి నుంచి రాసిచ్చారు.

ఇప్పుడు తమ్ముడు బాబాయి మొబైల్ షాపులో పూటపని చేస్తున్నాడు. కొన్ని రోజులు ఇంట్లోంచి బయటికి రాడు. బాబాయి జీతం కోయడు, ఆయనకీ దండం.

నెలనెలా మందులకు నాయనే వెళ్తున్నాడు. టవల్ భుజం మీదే ఉంటోంది. లైన్లో కొత్తగా కనపడ్డవాళ్లకు టెలి మానస్ నంబరు చెబుతాడట. మొన్న ఒకాయనకి తప్పు చెప్పానని బస్టాప్‌లో గుర్తొచ్చి, వెనక్కి నడిచి వెళ్లి సరిచేసి వచ్చాడు. వచ్చే బస్సు తప్పిపోయింది.