పాము విషయంలో సాయం చేసిన అందరికీ థాంక్స్ అండీ

మెల్‌బోర్న్ వెస్ట్‌లో మా పెరట్లో ఫెన్స్ పక్కన పాము కనబడిందని ఫోటో పంపగానే ఫోన్లు చేసిన వాళ్ళకి, నంబర్లు ఇచ్చిన వాళ్ళకి, పరిగెత్తుకొచ్చిన వాళ్ళకి అందరికీ చాలా చాలా థాంక్స్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరట్లేదు, అందుకే ఇలా రాస్తున్నా, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

ముందు పక్కింటి పెద్దాయనకి. స్నేక్ క్యాచర్ వచ్చేదాకా కుర్చీ వేసుకుని దూరం నుంచే దానిమీద ఓ కన్నేసి కూర్చున్నాడు, అది ఎటు దూరిందో తెలీకపోతే వచ్చినవాడు మాత్రం ఏం చేస్తాడు చెప్పండి. మా నాన్న కర్ర కోసం వెతుకుతుంటే ఆపింది కూడా ఆయనే, ఇక్కడ పాముల్ని చంపకూడదు, చట్టం ఒప్పుకోదు, పైగా కొట్టబోయినా పట్టబోయినా కాటు పడే ప్రమాదం ఉంది.

ఇక క్యాచర్ గారు. పామేమో చిన్న పిల్ల, ఒంటినిండా అడ్డ పట్టీలు. అమ్మ కట్లపాము అంది, ఫోటో చూసినవాళ్ళలో సగంమంది టైగర్ స్నేక్ (ఇక్కడి ఒక విషపాము) అన్నారు. క్యాచర్ దాన్ని ఒక ప్లాస్టిక్ ట్యూబ్‌లోకి ఎక్కించి తిరగేసి తోక కింద చూపించాడు. పొలుసులు రెండేసి జంటగా ఉన్నాయి, మలద్వారం మీద పొలుసు కూడా రెండుగా చీలి ఉంది. టైగర్‌కైతే రెండు చోట్లా ఒక్కటే పొలుసు ఉంటుందట. అంటే ఇది ఈస్టర్న్ బ్రౌన్ అనే ఇంకో విషపాము పిల్ల! తలమీద నల్ల మచ్చ, మెడమీద నల్ల పట్టీ పిల్లలకి మామూలేనట, కొన్నింటికి ఒళ్ళంతా పట్టీలుంటాయి, పెరిగేకొద్దీ పోతాయి. మరోపక్క పెద్ద టైగర్‌కి ఒక్కోసారి పట్టీలే ఉండవు, బ్రౌన్ ఏమో లేత గోధుమరంగు నుంచి దాదాపు నలుపు దాకా ఏ రంగులోనైనా ఉంటుంది. ఇంక పేరు చూసి ఏం పోల్చుకుంటాం! ఇంకో తమాషా చెప్పాడు, మా వైపు లేదులెండి కానీ కింగ్ బ్రౌన్ అని ఒకటుంది, పేరులో బ్రౌన్ ఉన్నా అది బ్లాక్ స్నేక్‌ల జాతి, దాని కాటుకి బ్రౌన్ యాంటీవెనమ్ (విషానికి విరుగుడు మందు) పనిచేయదు, బ్లాక్ స్నేక్‌దే ఇవ్వాలి. ఫీజు తీసుకున్నాడు, తీసుకోవాలి కూడా, కానీ నాన్న అడిగిన ప్రతి ప్రశ్నకీ నిలబడి ఓపిగ్గా జవాబు చెప్పాడు చూడండి, అది ఫీజులో లేదు.

ఇవన్నీ విని నేను పాముల్ని గుర్తుపట్టడానికి బొమ్మలతో ఒక చార్ట్ చేద్దామనుకుంటుంటే ఎమర్జెన్సీలో నర్సుగా చేసే అక్క ఫోన్‌లోనే నవ్వేసింది, కాటు పడ్డాక తోక తిరగేసి చూస్తావా అని. మా విక్టోరియా రాష్ట్రంలో ఏ పామో తెలియకపోయినా బ్రౌన్‌దీ టైగర్‌దీ రెండు యాంటీవెనమ్‌లూ కలిపి ఇచ్చే పద్ధతి ఉందట, కాబట్టి పామును పట్టుకురానక్కర్లేదు, ఫోటో కోసం దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. కదలకుండా కూర్చోబెట్టి, కాటుపడ్డ చోట కడక్కుండా, వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజ్ చెయ్యో కాలో మొత్తానికి గట్టిగా చుట్టి, అది కదలకుండా బద్ద కట్టి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ చేయాలి. ఈ పద్ధతి 1979లో ఇదే మెల్‌బోర్న్‌లో స్ట్రువాన్ సదర్లాండ్ అనే డాక్టర్ టీమ్ ఇచ్చిందట. మన ఊళ్ళలో కాటుకి పైన తాడు బిగించి కట్టేస్తారే, అది వేరు, ఇది వేరు, అలా రక్తం ఆగిపోయేలా బిగించకూడదు. నాన్నకి ఈ తేడా అర్థమవ్వడానికే ఎక్కువ టైం పట్టింది, అక్క వీడియో కాల్‌లో నా కాలికి చుట్టించి మరీ చూపించింది.

చార్ట్ బదులు ఇప్పుడు ఇదంతా తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పేజీ చేసి ఫ్రిజ్ మీద అంటించాం. ఇండియా నుంచి పేరెంట్స్ వచ్చినవాళ్ళకి ఎవరికైనా కావాలంటే అడగండి, ప్రింట్ తీసిస్తా. అక్కా, ఆ బ్యాండేజ్ రోల్స్ డబ్బులు మాత్రం నువ్వు తీసుకోవాల్సిందే, ఈసారి మీ ఇంటికొచ్చి ఇచ్చేస్తా.