బతుకమ్మ సిబ్బి కావాలంటే వినాయక చవితి లోపే చెప్పండి

హనుమకొండలోని మా దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న అక్కలకు, అన్నలకు నమస్కారం.

ఈ నెల నుంచి వెదురు సరుకు ధర పెంచుతున్నాం. బతుకమ్మను పేర్చే వెదురు పళ్లెం, అంటే సిబ్బి, 180 నుంచి 240 రూపాయలు, చేట 150 నుంచి 200. పెంచినదంతా అల్లేవారికే ఇస్తున్నాం. మా వాటా పాతదే.

ధర చూసి మీరు బేరమాడే ముందు సిబ్బి ఎలా తయారవుతుందో చెప్పాలి. పచ్చి బొంగుకు కణుపులు చెక్కి, నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగం తీసేసి, పైపొరను పలుచని బద్దలుగా తీస్తారు. ఆ బద్ద అంచు బ్లేడులా కోస్తుంది. మాకు అల్లి ఇచ్చే మేదరి అవ్వ చూపుడు వేలికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుని కూర్చుంటుంది. నడుమ అల్లడం ఆమె కోడలికీ వచ్చు. అంచు కట్టు మాత్రం ఇప్పటికీ అవ్వే వేయాలి. అది వదులైతే గునుగు, తంగేడు పేర్చి ఎత్తగానే సిబ్బి వంగిపోతుంది. మనవడు ఈ పని నేర్చుకోలేదు, హైదరాబాద్‌ వెళ్లిపోయాడు. ఈ కూలికి ఇక్కడే ఉండమని అతనికి ఏ ముఖంతో చెప్పగలం?

బొంగు దొరకడమూ కష్టమే. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్టు నిర్వచనం నుంచి తొలగించారు. చెట్టు కాదంటే కొట్టి అమ్ముకోవడం సులువు కాబట్టి పొలం ఉన్నవారికి అది మేలే. గుంట భూమి కూడా లేని మేదరి కుటుంబం వెదురు ఎక్కడ పెంచుతుంది? ఎవరో ఒకరి దగ్గర, వాళ్లు చెప్పిన ధరకు కొనాల్సిందే.

ప్లాస్టిక్ పళ్లేలు కూడా పెట్టమని కొందరు అడుగుతున్నారు. పెట్టం. బతుకమ్మతో పాటు చెరువులో వదిలినా వెదురు కుళ్లి మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ అక్కడే ఉండిపోతుంది. పైగా అవి పక్కనే చవకగా ఉంటే అవ్వ సిబ్బిని ఎవరు కొంటారు?

ముసురు రోజుల్లో అల్లిన సరుకు త్వరగా ఆరదు. తడి మీద ఇస్తే బూజు పడుతుంది. అందుకే బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల ముందు రోజు వచ్చి అడిగితే ఇవ్వలేం. చవితి లోపు సగం డబ్బు కట్టి చెప్పండి, ఆ డబ్బుతోనే వాళ్లు బొంగులు కొనుక్కుంటారు. ఇంట్లో అంచు ఊడిన పాత చేటలుంటే పారేయకండి, తీసుకురండి. ఈ ఏడాది నుంచి మరమ్మతు కూడా చేయించి ఇస్తున్నాం.