రిపోర్టు తల్లి ఫైలులో, వాపు బిడ్డ కిడ్నీలో

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి అయిదో నెలలో టిఫా స్కాన్ తీసినప్పుడు కడుపులోని బిడ్డ ఎడమ కిడ్నీ కాస్త వాచినట్లు కనిపించింది. కిడ్నీలో మూత్రం చేరే సంచి వెడల్పు 6 మిల్లీమీటర్లు అన్నారు. ఎనిమిదో నెలకు అది 11 అయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. డాక్టరుగారు మాత్రం నిదానంగా చెప్పారు: నూటికి ఒకరిద్దరు గర్భస్థ శిశువులకు ఇలా కిడ్నీలో నీరు చేరుతుంది, ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది, పుట్టాక మరిచిపోకుండా స్కాన్ తీయించండి అని.

కాన్పు మా ఊరి దగ్గర వేరే ఆసుపత్రిలో జరిగింది. బిడ్డ ఏడ్చాడు, పాలు తాగాడు, ఉచ్చ పోశాడు. మూడో రోజున ఇంటికి పంపేశారు. పురుడు, బారసాల హడావుడిలో మేమూ మరిచిపోయాం. మా తప్పు లేదనను. మూడో నెలలో జ్వరం కాసి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలాక గానీ బీరువాలోని ఫైలు గుర్తుకు రాలేదు. రిపోర్టు అడుగున ఇంగ్లీషులో ఒక్క వాక్యం: పుట్టాక శిశువుకు కిడ్నీ స్కాన్ చేయించాలి. ఆ కాగితం తల్లి పేరు మీద ఉంది. బిడ్డకు రాసిన కొత్త చీటీలో కిడ్నీ ఊసే లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మొదటి రెండు రోజులు పసిబిడ్డకు మూత్రం తక్కువగా తయారవుతుంది. అప్పుడు స్కాన్ తీస్తే ఉన్న వాపు కూడా కనిపించకపోవచ్చు. రెండు కిడ్నీలూ వాచి ఉమ్మనీరు తగ్గిన కేసుల్లో ఆగకూడదు గానీ, మిగిలినవారికి 48 గంటలు దాటాకే తీయాలంటారు. సాధారణ కాన్పయితే సరిగ్గా అప్పటికే తల్లీబిడ్డలు ఇంటిదారి పడతారు.

3వ రోజు, 7వ రోజు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూడాలని నిబంధన. మా ఇంటికీ వచ్చింది. బరువు తూచింది, బొడ్డు చూసింది. గర్భంలో తీసిన స్కాన్ సంగతి అడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో బిడ్డ పేజీ ఉంది. అందులో ఈ సంగతికి ఒక గడి పెట్టి తెలుగులో నింపాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. నింపే పని స్కాన్ తీసిన చోటనే జరగాలి. ఆశా మీద ఇంకో రిజిస్టరు మోపవద్దు, ఆమెకు ఇప్పటికే రాతకోతలు ఎక్కువ.

— ఒక తాతయ్య, పశ్చిమ గోదావరి జిల్లా